ఆకుపచ్చ సర్టిఫికెట్టు

3, మంగళవారం

ఈ నోటుబుక్కులో ముందు పేజీలు పనివి, వెనక నుంచి రాసేవి నావి. అక్క ముందు పేజీలే తిరగేస్తుంది, అదీ కళ్ళద్దాలు దొరికినప్పుడు.

ఈ రోజు షాపుకి ఒక గిటారు వచ్చింది. గిటారుతో పాటు ఒకావిడ వచ్చారు. నేను పనిమంతుణ్ణి కాబట్టి ముందు గిటారు గురించి రాస్తాను.

కరెంటు గిటారు. వయసు యాభైకి తక్కువ ఉండదు. పెట్టె మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. అంచు చుట్టూ వేసే సన్నటి పట్టీని మేం బైండింగు అంటాం. ఒకప్పుడు తెల్లగా ఉండే ఆ పట్టీ ఇప్పుడు ముదురు వెన్న రంగుకు తిరిగింది, కుంచించుకుపోయి నడుం వంపు దగ్గర చెక్కను వదిలేసి పైకి లేచింది. వేలు తగిలితే చాలు, ఉప్పురాయిలా పొడి పొడి అవుతోంది. ఆ కాలపు ప్లాస్టిక్కు కుళ్ళేటప్పుడు ఒక ఘాటైన ఆవిరి వదులుతుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది, పక్కనున్న మరల్ని పట్టుకుంటుంది. మరలన్నీ చిలుమెక్కి ఉన్నాయి. పదకొండేళ్ళు మూత తీయలేదట. ఒంటి రంగు ఆకుపచ్చ. పైపూతగా వేసిన లక్కరు నిండా జుట్టు మందాన నెర్రెలు.

ఇక ఆవిడ. రంగుల మిల్లులో షేడ్లు పోల్చే ఉద్యోగం. ముప్ఫై రెండేళ్ళుగా, గుడ్డ మీద రంగు సరిగ్గా కుదిరిందో లేదో ఆవిడ చెప్తేనే లారీ కదులుతుంది. పొట్టిగా ఉంటారు. మాట సూటిగా ఉంటుంది. నవ్వినప్పుడు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ చెయ్యి పెట్టుకునే తీరు ఎలా ఉందంటే... ఇది పనికి సంబంధించింది కాదు.

"మేస్త్రీగారూ, ఇది మా అన్న గిటారు కాదు. కాదని మీ షాపు కాగితం మీద రాసివ్వాలి" అన్నారు.

"ఎందుకు కాదంటున్నారు?"

"మా అన్నది నీలం. నేను ఉద్యోగానికి ఊరు వదిలిన రోజు చూశాను, సిసలైన నీలం. ఆ తర్వాత అన్నే నా దగ్గరికి వచ్చేవాడు, దాన్ని మళ్ళీ చూడలేదు. పైగా నా తొమ్మిదో ఏట దాని మీద చేప స్టిక్కరు అంటించాను. అంటిస్తుంటే తోక సగం చిరిగింది కూడా. అన్న పోయాక మా వదిన ఇదిగో ఈ ఆకుపచ్చదాన్ని నా చేతిలో పెట్టింది. చేపా లేదు, నీలమూ లేదు. అసలుది అమ్ముకుంది. మొహం మీదే దొంగవన్నాను. ఆ రోజు నుంచి మాటల్లేవు."

ఆ వదిన ఈ నెల ముప్ఫయ్యో తేదీన ఇల్లు ఖాళీ చేసి, ఎక్కడో దూరాన ఉన్న చెల్లెలి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతోందట. వెళ్ళేలోపు కాగితం వదిన చేతిలో పెట్టాలట.

"చూద్దాం" అన్నాను. అంతకన్నా తెలివైన మాట ఏదీ తోచలేదు.

4, బుధవారం

పొద్దున్నే, వాయించేటప్పుడు గీతలు పడకుండా బిగించే ప్లాస్టిక్ పలకను విప్పాను. కింద ఎండ తగలని చోట నీలం! అలా ఇలా కాదు, ఇప్పుడే డబ్బా మూత తీసినంత నీలం. ఈల వేశాను. అక్క లోపలి నుంచి "ఏం పగలగొట్టావురా?" అంది.

ఇందులో వింతేమీ లేదు. పాత లక్కరు ఎండకీ పొగకీ ఏళ్ళ తరబడి పసుపెక్కుతుంది. తెలుపు మీద ఎక్కితే వెన్న రంగు. నీలం మీద ఎక్కితే ఆకుపచ్చ. మూడు రోజుల్లో మారితే మనిషి గుర్తు పడతాడు. ఇరవయ్యేళ్ళు పడితే ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలియదు. అంటే వదిన మార్చలేదు. ఎండ మార్చింది.

సాయంత్రం ఫోన్ చేసి చెప్పేస్తాను.

మళ్ళీ, సాయంత్రం: ఫోన్ చేశాను. ఒక మర తక్కువుంది, మీ దగ్గరేమైనా ఉందా అని అడిగి పెట్టేశాను. మరలన్నీ ఉన్నాయి.

6, శుక్రవారం

ఆవిడే వచ్చారు, మర కోసం ఇల్లంతా వెతికి. పాపం అనిపించింది. అంతకన్నా ఎక్కువ సంతోషం వేసింది. నీలం చూపించాను. ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూశారు.

"నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ అని నాకు చెప్పక్కర్లేదు. అదే నా బతుకు" అన్నారు. "సరే, ఇదొకప్పుడు నీలమే. నీలం గిటార్లు లోకంలో ఇదొక్కటేనా? మా వదిన ఇంకో నీలందాన్ని చవగ్గా తెచ్చి పెట్టిందేమో. నా చేప ఏది?"

మాటకి మాట. నేను వాదించలేదు. పైగా నా షాపుకున్న పేరు నాకు తెలుసు. కొత్త గిటార్లకి నెర్రెలు తెప్పించి, అంచులు అరగదీసి, ముప్ఫయ్యేళ్ళు వాడినట్టు చేసివ్వడమే నా పని. మోజుపడి చేయించుకునేవాళ్ళు దండిగా ఉన్నారు. అలాంటివాడు 'ఇది నిజంగా పాతది' అంటే నమ్మేదెవరు?

ఆవిడ పెళ్ళి చేసుకోలేదట. నేనడగలేదు, మాటల్లో వచ్చింది. నేను మూడుసార్లు మాటల్లో తెచ్చాక వచ్చింది.

7, శనివారం

దొరికింది!!

స్టోర్‌రూంకి కిటికీ లేదు. తలుపేస్తే పట్టపగలే చిమ్మచీకటి. అక్కడ నా ఊదా దీపం ఉంటుంది, బ్యాంకుల్లో దొంగనోట్లు పట్టేలాంటిది. దాని వెలుగులో పాత లక్కరు లేత పచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసింది నల్లగా కనిపిస్తుంది. ఎవరైనా మోసం చేశారేమో చూడ్డానికి వాడతాను. గిటారును తిప్పి తిప్పి చూస్తే కింది అంచుకి దగ్గర్లో, బైండింగుకి రెండు వేళ్ళ ఎడంలో, చుట్టూ ఉన్న మెరుపు లేని మసక మచ్చ. చేప. తోక సగమే ఉంది.

స్టిక్కరు ఊడిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎండ దాని చోటునీ చుట్టుపక్కలనీ ఒక్కటి చేసేసింది. మామూలు కంటికి కనిపించదు, ముప్ఫై రెండేళ్ళు షేడ్లు పోల్చిన కంటికైనా సరే. కానీ స్టిక్కరు కింద దాగిన ఆ ఏళ్ళని లక్కరు మరిచిపోలేదు.

డబ్బాల మధ్య గంతులేశాను. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఒక థిన్నరు డబ్బా తన్నేశాను. ఆవిణ్ణి పిలిచి, ఈ చీకట్లో నిలబెట్టి, దీపం వేసి, ఇదిగో మీ చేప అనాలి. ఆవిడ నవ్వాలి. నేనూ నవ్వాలి.

నవ్వుతూనే అలమార అద్దంలో చూసుకున్నాను.

ఊదా వెలుగులో సొంత పళ్ళు తెల్లగా మెరుస్తాయి. కట్టుడు పన్ను మెరవదు. నా ముందు పన్ను పోయిన ఏడు చెక్కల్ని బిగించే క్లాంపు జారి తగిలి ఊడింది. పెట్టించుకున్న పన్ను పగలు ఎంత ముద్దుగా ఉంటుందో! దీపం కింద మాత్రం నోట్లో కిటికీ తెరిచి పెట్టినట్టు నల్లటి చదరం.

తీసేసి చూశాను. ఇంకా ఘోరం.

9, సోమవారం

చేపని సెల్లుతో ఫొటో తీస్తే సరి, స్టోర్‌రూంలోకి ఎవరూ రానక్కర్లేదు అనుకున్నాను. పద్దెనిమిది ఫొటోలు. అన్నీ ఊదా మరకలే.

12, గురువారం

ఆవిడకి ఈ వారం నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగూ పని మీదే. బైండింగు కొత్తది వేయాలా, పాతదే అతికించాలా అని. మళ్ళీ అదే. పాత పట్టీ పొడి పెట్టెలో ఉంచవద్దని, ఒక కుళ్ళిన ముక్క పక్కనున్న మంచి ముక్కని కూడా చెడగొడుతుందని. నాలుగోసారి, మీ మిల్లులో ఈ రోజు ఏ రంగు నడుస్తోంది అని. "ఇటుక రంగు" అన్నారు. అందులో ఎంత సంగీతముందో!

అక్క అన్నం వడ్డిస్తూ నా తల వైపు చూసింది.

"జుట్టుకి రంగేశావు."

"దుమ్ము."

"నల్ల దుమ్మా? లోకమంతా కొత్తవాటిని పాతవి చేయించుకోవడానికి నీ దగ్గరకొస్తే, నువ్వు పాతదాన్ని కొత్తది చేస్తున్నావేంట్రా?"

నేను పప్పు కలుపుకున్నాను. తనే మళ్ళీ అంది. "మరదలు పోయి తొమ్మిదేళ్ళయింది. పాడుకుంటే పాడుకో, పోలీసులేం పట్టుకుపోరు. ఆ గొంతు మాత్రం తగ్గించు."

నేను పాడుతున్నానని నాకు తెలియదు.

13, శుక్రవారం

ఆవిడ వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. గిటారు బల్ల మీదే ఉంది. చేప ఉన్న చోట మోచెయ్యి ఆనించి మరీ వాళ్ళ అన్న కబుర్లు చెప్పారు. స్టిక్కరు అంటించినందుకు అన్న తిట్టాడట, వీపు మీద ఒకటి వేశాడట, కానీ దాన్ని పీకలేదట. "ఉండనీలే, నీళ్ళ రంగుకి చేప ఉంటే తప్పేంటి" అన్నాడట. నా నాలుక చివరిదాకా వచ్చింది, చెప్పేద్దామని.

చెప్తే చూపించమంటారు. చూపిస్తే తీసుకెళ్ళిపోతారు. వెళ్ళేముందు నా నోట్లో కిటికీ చూసి మరీ వెళ్తారు.

ముప్ఫయ్యో తేదీకి ఇంకా చాలా రోజులున్నాయి.

16, సోమవారం

ఈ రోజు కాగితం ఇచ్చాను.

అసలు ఇవ్వాలనుకోలేదు. ఆవిడ బల్లకి అవతల నిలబడి, "మీ కన్ను కూడా నా కన్ను లాంటిదే మేస్త్రీగారూ, దాన్ని మోసం చేయలేరు" అన్నారు. ఆ మాట విన్నాక 'మీరు పదకొండేళ్ళుగా పొరబడ్డారు' అని ఏ నోటితో అనను? షాపు కాగితం తీసి, ముద్ర వేసి, ఇలా రాశాను:

"పరిశీలించిన మీదట ఈ గిటారు ప్రస్తుతము ఆకుపచ్చ రంగులో ఉన్నదని ధ్రువీకరించడమైనది."

ఆవిడ రెండుసార్లు చదివి, "చాలు, పోస్టులో పడేస్తే మా వదినకి అర్థమవుతుంది" అని మడత పెట్టుకున్నారు. నవ్వారు, చెయ్యి అడ్డం పెట్టుకుని. నాకు నేల మీద కాలు నిలవలేదు.

కాగితంలో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

17, మంగళవారం

కాగితంలో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

20, శుక్రవారం

కొత్త చొక్కా కొన్నాను. ఇటుక రంగు.

24, మంగళవారం

పదకొండు గంటలకి ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చారు. చేతికర్ర, మెడలో తాళాల గుత్తి. అరవై అయిదు దాటి ఉంటాయి. లోపలికి వచ్చీ రాగానే నా కాగితం బల్ల మీద పెట్టి వేలితో కొట్టారు.

"ఆకుపచ్చ సర్టిఫికెట్టు ఇచ్చింది నువ్వేనా నాయనా?"

వదిన.

కుర్చీ వేశాను. మంచినీళ్ళిచ్చాను. ఆవిడ నీళ్ళు తాగి, బల్ల మీద ఉన్న గిటారును చూసి ఆగిపోయారు. చెయ్యి చాచి, పైట కొంగుతో దాని మీద దుమ్ము తుడిచారు. దుమ్మేమీ లేదు. చేతికి అలవాటు.

"ఆయన వాయించడం మానేశాక ముందుగదిలో కిటికీ పక్కన తగిలించాం. రోజూ పొద్దున్నే తుడిచేదాన్ని. ఇరవై ఒక్కేళ్ళు. ఇది ఆకుపచ్చని నాకెప్పుడు తెలిసిందో తెలుసా? ఆ పిల్ల నన్ను దొంగ అన్న రోజు. అంతవరకూ నా కంటికి నీలమే."

నేను తల దించుకున్నాను.

"ఒక వేసవిలో చేప రాలిపోయింది. జిగురంతా ఎండిపోయింది మరి. ఆయన గోందు పెట్టి అంటించాడు, మళ్ళీ రాలింది. ముక్కలైంది. ఆ రోజు సాయంత్రం దాకా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. చెల్లెలికి తెలిస్తే బాధపడుతుందని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఆ పిచ్చి ఒట్టు కోసం నేను ఆ రోజు కూడా నోరు మెదపలేదు." కాగితం నా వైపు తోశారు. "సామాన్లన్నీ కట్టేశాను. దొంగ అన్న మాట ఏ పెట్టెలోనూ పట్టట్లేదు. నువ్వు పనిమంతుడివంటున్నారు. ఇది ఆయనది కాదని నీకు నిజంగా తెలుసా?"

"కాదని నేను రాయలేదండీ. ఆకుపచ్చగా ఉందని రాశాను."

"అది నాకూ కనిపిస్తోంది నాయనా" అన్నారు. కోపం కూడా లేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడో తేదీ నుంచి ఇరవై నాలుగు దాకా. ఒక్క పన్ను కోసం.

శనివారం పదింటికి రండి, ఆవిణ్ణి కూడా పిలుస్తాను అన్నాను. పెద్దావిడ లేస్తూ నా చొక్కా చూసి, "రంగు బాగుంది" అన్నారు. అలాంటి సమయంలోనూ నాకు సంతోషం వేసింది, అదీ నా బుద్ధి.

27, శుక్రవారం

దుమ్ము పీల్చకుండా పెట్టుకునే మాస్కు ఉంది కదా! పెట్టుకుని స్టోర్‌రూంలోకి వెళ్తాను. పనివాడు మాస్కు పెట్టుకుంటే ఎవరేమంటారు? ఇన్నాళ్ళూ తట్టనేలేదు. ఎంత మూర్ఖుణ్ణి, ఎంత తెలివైనవాణ్ణి!

అక్క విని, "ఇంకా నయం, హెల్మెట్టు పెట్టుకుంటాననలేదు" అంది.

28, శనివారం

అన్నీ జరిగింది జరిగినట్టు రాయాలి.

పదింటికి ఇద్దరూ వచ్చారు, మెట్ల మీదే ఎదురుపడ్డారు. ఒకరు గోడ వైపు, ఒకరు వీధి వైపు చూస్తూ పైకి వచ్చారు. స్టోర్‌రూంలో ముగ్గురం పట్టడమే కష్టం. పెద్దావిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టాను. షేడు మేడం నా భుజానికి ఆనుకుని నిలబడ్డారు, చోటు లేక. మాస్కు లోపల నాకు ఊపిరాడలేదు. తప్పంతా మాస్కుది కాదు.

తలుపు వేసి, దీపం వేశాను. గిటారంతా లేతగా వెలిగింది, నెర్రెలు వలలా మెరిశాయి. మెల్లగా కింది అంచు వైపు తిప్పాను.

ఆవిడ వేలు వచ్చి చేప ముక్కు మీద ఆగింది. ఒళ్ళంతా తడుముకుంటూ వెళ్ళి, చిరిగిన తోక దగ్గర నిలిచిపోయింది.

"వదినా" అన్నారు. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట.

"ఊఁ, చెప్పవే."

"నా కన్ను తప్పింది వదినా."

"కన్నెక్కడ తప్పిందే? నువ్వు చూసినప్పుడు నీలమే, నేనిచ్చినప్పుడు ఆకుపచ్చే. రెండూ సరిగ్గానే చూశావు. తప్పింది నోరు."

ఆవిడ అక్కడే కింద కూలబడి, పెద్దావిడ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చారు. పెద్దావిడ ఆ తలని తడుతూ, "ఏడవకే, గిటారు మీద పడితే ఆ నీళ్ళకి ఇంకే రంగు తిరుగుతుందో" అన్నారు. చేప రాలిన సంగతి, గోందు సంగతి, ఒట్టు సంగతి అప్పుడు చెప్పారు. ఏడుపు మధ్యలోనే నవ్వు వచ్చేసింది ఇద్దరికీ. పెద్దావిడ పళ్ళు ముప్ఫై రెండూ సొంతవే, ఊదా వెలుగులో తోరణంలా మెరిశాయి.

నేను అక్కడితో తలుపు తీసేస్తే సరిపోయేది. పేరొచ్చేది, పన్నూ దాగేది. కానీ ఆవిడ నా వైపు తలెత్తి, "మేస్త్రీగారూ, దీన్ని ఎప్పుడు కనిపెట్టారు?" అన్నారు.

"మ్మ్ మ్మ్."

"ఏమంటున్నాడే? ఆ మూతిగుడ్డ తీసి చెప్పమను" అన్నారు పెద్దావిడ.

తీశాను.

"ఏడో తేదీన కనిపెట్టానండీ. ఇరవై ఒక్క రోజులు దాచాను. పదహారున మీకిచ్చిన కాగితం పిరికివాడి కాగితం. మీరు రావడం మానేస్తారని ఒక భయం. ఇంకొకటి ఇదిగో, ఇది." నోరు బార్లా తెరిచి, దీపానికి ఎదురుగా నిలబడ్డాను. "కట్టుడు పన్ను. ఈ వెలుగులో దాగదు. మీ ముందు బయటపడడం ఇష్టం లేక మీ వదినగారిని మూడు వారాలు దొంగగా ఉంచాను. నన్నేమైనా అనండి."

ఆవిడ నా నోట్లోకే చూస్తూ ఉండిపోయారు. గుమ్మం అవతల అక్క పాత్రలు కడగడం ఆపేసి వింటోందని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు ఆవిడ మెల్లగా లేచి దీపానికి దగ్గరగా వచ్చారు. అలవాటుగా నోటి మీదికి వెళ్ళిన చేతిని మరో చేత్తో పట్టి కిందికి దించారు. దించి, నవ్వారు.

పైన రెండు, పక్కపక్కనే, నల్లగా.

"నావి రెండు" అన్నారు.

30, సోమవారం

వదినగారి వ్యాను పొద్దున్న వెళ్ళింది. ఆవిడ మిల్లుకి సెలవు పెట్టి పక్క సీట్లో ఎక్కారు, దింపి నాలుగు రోజులుండి వస్తారట. గిటారును మళ్ళీ నీలం చేయమంటారా అని అడిగితే ఇద్దరూ ఒక్కసారే "వద్దు" అన్నారు.

బైండింగు అతకడానికి ఎన్నాళ్ళు పడుతుందని ఆవిడ వ్యాను కిటికీలోంచి అడిగారు. చెయ్యి అడ్డం లేదు. వారం పని. ముందు పేజీలో మూడు నెలలని రాశాను. అక్కకి కళ్ళద్దాలు దొరికినట్టున్నాయి, దాని కింద పెన్సిలుతో "నాలుగు" అని దిద్ది ఉంది.